యోసేపు ఎముకలను మోసిన జనం



సమాధుల పండుగ దగ్గర పడింది. నవంబరు 2 వస్తోందంటే మన ఊళ్ళలో సమాధుల తోట దగ్గర సందడి మొదలవుతుంది. ముళ్ళకంప కొట్టేసి, గడ్డి పీకి, సమాధులకు సున్నం వేస్తారు. సాయంత్రం బంతిపూల దండలు, కొవ్వొత్తులు. హైదరాబాదులో పని చేసుకునే పిల్లలు కూడా ఆ పూటకు బస్సు దిగుతారు. ఈ పండుగ చేయాలా వద్దా అని వాదించే సంఘాలు ఉన్నాయని మాకు తెలుసు. ఆ వాదన ఈ రోజు ఎత్తుకోవడం లేదు. కొవ్వొత్తి వెలిగించడానికి అసలు సమాధే లేనివాళ్ళ గురించి రాయాలనుకున్నాం.

మొన్న ప్రార్థన కూటంలో ఒక సంగతి చెప్పాం. 56 ఏళ్ళు మంచు కింద ఉండిపోయిన ఒక సైనికుణ్ణి కేరళలో సొంత ఊరి చర్చిలో సమాధి చేశారని. కూటం అయ్యాక ఒక పెద్దమ్మ మమ్మల్ని ఆపి అడిగింది. "అయ్యగారూ, ఆత్మ ఎప్పుడో దేవుని దగ్గరికి పాయె. యాభై ఏండ్లకు దొరికిన బొక్కల కోసం అంత ఖర్చు, అంత మర్యాద ఎందుకు? ఆ పైసలు బతికున్నోళ్ళకు పెడితే కాదా?"

మంచి ప్రశ్న. గుడి మెట్ల మీద నిలబడి సగం జవాబే చెప్పగలిగాం. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆ సంగతి పూర్తిగా చెప్పాలి. 1968 ఫిబ్రవరి 7న మన వాయుసేనకు చెందిన ఏఎన్-12 విమానం చండీగఢ్ నుంచి లేహ్‌కు బయలుదేరింది. అందులో 102 మంది ఉన్నారు. వాతావరణం బాగా లేక వెనక్కి తిరిగింది. రోహ్‌తాంగ్ కనుమ దగ్గర దాని జాడ పోయింది. 35 ఏళ్ళ పాటు ఒక్క ముక్క కూడా దొరకలేదు. 2003లో పర్వతారోహకులు మంచులో శిథిలాలు చూశారు. అప్పటి నుంచి సైన్యం, ముఖ్యంగా డోగ్రా స్కౌట్స్ దళం, మళ్ళీ మళ్ళీ ఆ కొండలు ఎక్కింది. 2019 వరకు వాళ్ళకు దొరికినవి ఐదు దేహాలే. 2024 సెప్టెంబరు చివర్లో మరో నాలుగు దొరికాయి.

ఆ నలుగురిలో ఉత్తరప్రదేశ్ సహారన్‌పూర్‌కు చెందిన మల్ఖాన్ సింగ్, ఉత్తరాఖండ్ చమోలీకి చెందిన నారాయణ్ సింగ్, కేరళ పత్తనంతిట్ట జిల్లా ఎలంతూరుకు చెందిన థామస్ చెరియన్ ఉన్నారు. థామస్ చెరియన్ ఈఎంఈ విభాగంలో క్రాఫ్ట్స్‌మన్. విమానం ఎక్కే నాటికి వయసు 22. 2024 అక్టోబరులో ఆయన్ని ఎలంతూరు ఆర్థడాక్స్ చర్చిలో సైనిక లాంఛనాలతో సమాధి చేశారు. ఎదురుచూసిన తల్లిదండ్రులు అప్పటికే కన్నుమూశారు. తోడబుట్టినవాళ్ళు ముసలివాళ్ళై శవపేటిక పక్కన నిలబడ్డారు. ఆయన్ని ఎన్నడూ చూడని పిల్లలు ఆ పేటికకు పూలు వేశారు.

ఇది మన దేశంలోనే జరిగేది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా విమానాలు అస్సాం నుంచి హిమాలయాలు దాటి చైనాలోని కున్మింగ్‌కు సరుకు చేరవేసేవి. ఆ దారిలో వందల విమానాలు కూలిపోయాయి. 1944 జనవరి 25న కున్మింగ్ నుంచి అస్సాంలోని ఛబువాకు వస్తూ ఒక బి-24 విమానం ఎనిమిది మందితో కనిపించకుండా పోయింది. దాని శిథిలాలు 2006లో అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో బయటపడ్డాయి. దొరికిన అవశేషాలను 2016లో మన దేశం అమెరికాకు అప్పగించింది. అందులో ఉన్న బాంబార్డియర్ రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్‌ను 2017 జూన్‌లో జార్జియా రాష్ట్రంలోని సొంత ఊరు కాంకర్డ్‌లో సమాధి చేశారు. పోయిన 73 ఏళ్ళకు ఇల్లు చేరాడు. ఆ యుద్ధంలో పోయి ఇంకా ఇంటికి చేరని అమెరికా సైనికులు సుమారు 72 వేల మంది. ఒక్కొక్కరి కోసం ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు.

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నకు వద్దాం. ఎందుకు ఇదంతా?

ఆదికాండము చివరి అధ్యాయం తెరవండి. యోసేపు 110 ఏళ్ళ వయసులో చనిపోతూ తన వాళ్ళతో ఒక ప్రమాణం చేయించుకున్నాడు. దేవుడు మిమ్మల్ని ఈ దేశం నుంచి తీసుకెళ్ళే రోజు వస్తుంది, ఆ రోజు నా ఎముకలను ఇక్కడ వదిలేయకండి అని. ఆ మాట విన్నవాళ్ళంతా చనిపోయారు. వాళ్ళ పిల్లలూ చనిపోయారు. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో ఉన్నది 430 సంవత్సరాలని నిర్గమకాండము 12:40 చెబుతుంది. యోసేపు ఎవరో తెలియని ఫరో వచ్చాడు, ఇటుకలు చేయించాడు, కొరడాలతో కొట్టించాడు. అయినా ఆ మాట పోలేదు. విడుదల రాత్రి అందరి చేతుల్లో ఐగుప్తీయులు ఇచ్చిన వెండి బంగారాలు ఉన్నాయి. మోషే మాత్రం యోసేపు ఎముకలను తీసుకున్నాడు (నిర్గమకాండము 13:19). తర్వాత 40 ఏళ్ళు ఎడారిలో ఆ ఎముకలు జనంతోపాటు నడిచాయి. చివరికి షెకెములో పాతిపెట్టారు (యెహోషువ 24:32).

ఆలోచించండి. ఎడారిలో నీళ్ళు లేవని సణిగిన జనం, మాంసం లేదని ఏడ్చిన జనం, బంగారు దూడను చేసుకున్న జనం, ఈ ఒక్క పెట్టెను మాత్రం దారిలో పడేయలేదు. వాళ్ళలో ఒక్కరు కూడా యోసేపు ముఖం చూసినవాళ్ళు కారు. తాతలు ఇచ్చిన మాటను మనుమలు మోశారు.

హెబ్రీయులకు రాసిన పత్రిక 11:22 చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. యోసేపు ఎన్నో చేశాడు. పాపం నుంచి పారిపోయాడు, అన్నలను క్షమించాడు, కరువులో దేశాలను బతికించాడు. విశ్వాసవీరుల పట్టికలో పేర్కొన్నది వాటిని కాదు. తన ఎముకల గురించి ఆజ్ఞ ఇచ్చాడన్న సంగతినే. ఎందుకంటే ఆ ఆజ్ఞ వెనుక దేవుని వాగ్దానం మీద నమ్మకం ఉంది. కాబట్టి ఎముకలకు మర్యాద చేయడం విశ్వాసం లేనివాళ్ళ పని అని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. శరీరం పారేసే పొట్టు కాదు. దేవుడు మట్టితో చేశాడు, ప్రభువు ధరించాడు, మూడో రోజున లేపబడింది. పునరుత్థానాన్ని నమ్మేవాళ్ళకు శరీరం మీద నిర్లక్ష్యం తగదు.

మృతులు తమ మృతులను పాతిపెట్టుకుంటారని ప్రభువు అన్నాడు కదా అని కొందరు అడుగుతారు. మత్తయి 8వ అధ్యాయంలో ఆ మాట ఉంది. తనను వెంబడించడాన్ని వాయిదా వేస్తున్నవాడికి ప్రభువు చెప్పిన మాట అది. అదే సువార్త 27వ అధ్యాయంలో అరిమతయియ యోసేపు పిలాతు దగ్గరికి వెళ్ళి ప్రభువు దేహాన్ని అడిగి తెచ్చుకున్నాడు. నేరస్థుడిగా చంపబడినవాడి దేహం అడగడానికి ధైర్యం కావాలి. సువార్తలు నాలుగూ ఆ పనిని గౌరవంగా రాశాయి.

అయితే దేహం దొరకనివాళ్ళ మాటేమిటి? ఇక్కడే మా మనసు బరువెక్కుతుంది.

2016 జూలై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరిన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద కనిపించకుండా పోయింది. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపోలో పనిచేసే ఉద్యోగులు. ఓడలు, విమానాలు వారాల తరబడి వెతికాయి. ఏమీ దొరకలేదు. ఏడున్నరేళ్ళ తర్వాత, 2024 జనవరిలో, సముద్రగర్భంలో తిరిగే ఒక యంత్రం తీసిన చిత్రాల్లో ఆ విమానపు ముక్కలు కనిపించాయని ప్రభుత్వం చెప్పింది. 3,400 మీటర్ల లోతున. ఆ కుటుంబాలకు అందింది ఒక సమాచారం మాత్రమే, చేతికి పిడికెడు మట్టి కూడా రాలేదు.

ఏడేళ్ళు కబురు లేకపోతే మనిషి చనిపోయినట్టు చట్టం భావించవచ్చు. కాగితాలకు అది సరిపోతుంది. తలుపు చప్పుడైతే లేచి చూసే తల్లికి ఏడేళ్ళ లెక్క ఉండదు. భార్య పరిస్థితి ఇంకా కష్టం. పుస్తె తీయాలా ఉంచాలా అని ఊరు అడుగుతుంది. ఏడిస్తే అపశకునం అంటారు, ఏడవకపోతే రాతిగుండె అంటారు. మన సంఘాల్లోనే "విశ్వాసముంటే వస్తాడు" అనేవాళ్ళు ఒకవైపు, "ఇంక ఎన్ని రోజులు ఏడుస్తవ్, దేవుని చిత్తం అనుకో" అనేవాళ్ళు ఇంకోవైపు. ఈ రెండు మాటలూ చెప్పకూడదని మా మనవి. మొదటిది దేవుడు ఇవ్వని వాగ్దానం. రెండోది ఆమె భారాన్ని మోయడం ఇష్టంలేక మనం చెప్పే మాట.

అలాంటివాళ్ళకు చెప్పదగిన మాటలు వాక్యంలో ఉన్నాయి. మోషేకు సమాధి ఎక్కడుందో నేటివరకు ఎవరికీ తెలియదు. ద్వితీయోపదేశకాండము 34:6 ప్రకారం ఆయన్ని మోయాబు లోయలో పాతిపెట్టినవాడు దేవుడే. యోసేపు ఎముకలు మోసిన మనిషికే మోయదగిన ఎముకలు మిగలలేదు! అయినా ఆయన పోగొట్టుకోబడలేదు. రూపాంతర కొండ మీద ప్రభువుతో మాట్లాడుతూ కనబడ్డాడు. ప్రకటన 20:13 తెరిస్తే సముద్రం తనలో ఉన్న మృతులను అప్పగించే రోజు ఒకటి ఉందని చదువుతాం. 3,400 మీటర్ల లోతు మనకు లోతు. ఆయనకు కాదు.

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది సైనికులు చనిపోయారు. వాళ్ళలో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్‌బాబు ఉన్నారు. రెండు రోజుల్లో దేహం హకీంపేటకు, అక్కడి నుంచి సూర్యాపేటకు వచ్చింది. 18న కేసారంలో అంత్యక్రియలు జరిగాయి. కరోనా రోజులైనా జనం దారి పొడవునా నిలబడి పూలు చల్లారు. ఈ రోజు సూర్యాపేటలో ఆయన విగ్రహం ఉంది. అది తగిన గౌరవం. ఉమ్మడి నల్లగొండ జిల్లావాళ్ళం దాని గురించి గర్వపడతాం.

ఇంకొక సంగతి కూడా మన గడ్డ మీదే జరిగింది. దాన్ని గర్వంగా చెప్పుకోలేం. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. నలుగురు జార్ఖండ్‌వాళ్ళు, ఇద్దరు ఉత్తరప్రదేశ్‌వాళ్ళు, ఒకరు పంజాబ్, ఒకరు జమ్ముకశ్మీర్. సైన్యం, నౌకాదళం, ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి రెస్క్యూ బృందాలు వచ్చాయి. కేరళ పోలీసులు శవాల వాసన పట్టే కుక్కలను తెచ్చారు. బురద, ఊట నీళ్ళు, విరిగిన యంత్రపు ఇనుము మధ్య రెండు నెలలు వెతికారు. మార్చి 9న ఒక దేహం, 25న మరొకటి బయటికి వచ్చాయి. ఏప్రిల్ చివర్లో వెతుకులాట ఆపే నాటికి మిగతా ఆరుగురు లోపలే ఉన్నారు.

ఆ సొరంగం ఎవరి కోసం? సుమారు 44 కిలోమీటర్లు కొండను తొలిచి కృష్ణా నీళ్ళను నల్లగొండకు తేవడానికి. ఫ్లోరైడ్ నీళ్ళతో నడుములు వంగిపోయిన మన ఊళ్ళ కోసం. మనం ఎన్నో ఏళ్ళు చేసిన ప్రార్థనకు జవాబుగా వచ్చిన పని అది. ఆ పనిలో దిగినవాళ్ళు మన భాష తెలియనివాళ్ళు, మన ఊరి పేరు విననివాళ్ళు. యూనిఫాం లేదు కాబట్టి లాంఛనాలు లేవు. విగ్రహం లేదు. ఒక నెల వార్తల్లో ఉన్నారు, తర్వాత మరిచిపోయాం.

ఒక్కసారి తిప్పి చూడండి. దేశంలో ఏ డ్యాం కట్టినా, ఏ కాలువ తవ్వినా పాలమూరు లేబర్ ఉండేది. మన తాతలు గుంపు మేస్త్రీ వెంట ముల్లె కట్టుకుని పోయారు. కొందరు తిరిగి రాలేదు. ఎక్కడ పాతిపెట్టారో, అసలు పాతిపెట్టారో లేదో తెలియదు. అప్పట్లో మన వాళ్ళు పరాయి నేలలో తవ్వారు. ఇప్పుడు పరాయి బిడ్డలు మన నేలలో తవ్వుతున్నారు. మన వాళ్ళకు ఆ నేలల్లో ఏ మర్యాద దక్కాలని మనం కోరుకునేవాళ్ళమో, అదే మర్యాద వీళ్ళకు మనం బాకీ ఉన్నాం.

2 సమూయేలు 21వ అధ్యాయంలో రిస్పా అనే స్త్రీ ఉంది. రాణి కాదు, సౌలు ఉపపత్ని. మూడేళ్ళ కరువు కాలంలో ఆమె ఇద్దరు కొడుకులను ఇంకా ఐదుగురితో కలిపి కొండ మీద చంపించారు, పాతిపెట్టలేదు. ఆమె బండ మీద గోనెపట్ట పరుచుకుని కూర్చుంది. కోతకాలం మొదలు వాన కురిసే దాకా పగలు పక్షులను, రాత్రి అడవి జంతువులను ఆ శవాల మీద వాలనివ్వలేదు. ఆమె రాజు దగ్గరికి వెళ్ళినట్టు గాని, అరిచినట్టు గాని రాయలేదు. కావలి కాసింది, అంతే. ఆ కబురు దావీదుకు చేరింది. అప్పుడు రాజు లేచి సౌలు, యోనాతానుల ఎముకలను కూడా తెప్పించి, వీళ్ళ ఎముకలతోపాటు ఏర్పాటు చేశాడు. ఆ తర్వాతే దేవుడు దేశం కోసం చేసిన మనవి ఆలకించాడని 14వ వచనం చెబుతుంది.

వానల కోసం ఉపవాస కూటాలు పెట్టే మనం ఈ అధ్యాయాన్ని ఇంకా జాగ్రత్తగా చదవాలి. నీళ్ళు కావాలని ప్రార్థించే జనం, ఆ నీళ్ళ కోసం చనిపోయినవాళ్ళను మరిచిపోవచ్చా?

బతికున్నవాళ్ళను ప్రమాదంలో పెట్టి ఎముకలు తీయమని మేము అనడం లేదు. లోపలికి దిగేవాడికి కూడా ఇంటి దగ్గర తల్లి ఉంటుంది. వెతుకులాట ఆపవలసిన సమయం ఒకటి వస్తుంది. మంచు కొండల్లోనూ అలాగే ఆపారు. కానీ వేసవి వచ్చినప్పుడు మళ్ళీ ఎక్కారు. ఈ సంవత్సరం ఆపడం వేరు, ఎప్పటికీ మరిచిపోవడం వేరు. ఇచ్చిన మాటకు కాలదోషం పట్టదు. బతికున్నవాళ్ళకు పెట్టాలన్న పెద్దమ్మ మాట కూడా నిజమే. అయితే పోయినవాళ్ళను వెతికే దేశమే బతికున్నవాళ్ళ ప్రాణానికి కూడా విలువ కడుతుంది. పని చేస్తూ పోతే నన్ను వదిలేయరు అన్న ధైర్యం బతికున్న కూలివాడికి, సిపాయికి కావలసిన ధైర్యం.

కాబట్టి మన సంఘానికి నాలుగు మనవులు.

మొదటిది. ఈ సమాధుల పండుగ సాయంత్రం తోట గేటు దగ్గర ఒక ఇసుక పళ్ళెం పెడతాం. సమాధి లేని ఆప్తుడు ఎవరికైనా ఉంటే అక్కడ కొవ్వొత్తి వెలిగించవచ్చు. సొరంగంలో ఉండిపోయిన ఆరుగురి కోసం ఆరు కొవ్వొత్తులు సంఘం తరఫున వెలుగుతాయి. వాళ్ళు ఏ దేవుణ్ణి కొలిచారని అడగం. చచ్చినవాళ్ళ కోసం మొక్కడం కాదిది. వాళ్ళ ఇంటివాళ్ళ ఓదార్పు కోసం జీవముగల దేవునికి ప్రార్థన.

రెండోది. దేహం లేదు కాబట్టి జ్ఞాపకార్థ కూటం పెట్టడం కుదరదని ఇంతవరకు కొందరికి మేమే చెప్పాం. అది తప్పు. ఇకమీదట కుటుంబం ఎప్పుడు అడిగితే అప్పుడు కూటం పెడతాం. అడగకపోతే తొందరపెట్టం.

మూడోది. పనికి వలసపోయే ప్రతి ఒక్కరూ బయలుదేరే ముందు సంఘం పుస్తకంలో వివరాలు రాయించాలి. ఏ ఊరు, ఏ పని, మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు. ఆదివారం ఒకసారి యౌవనస్థులు ఫోన్ చేసి క్షేమం కనుక్కుంటారు. కబురు ఆగిపోతే వెంటనే పోలీస్ స్టేషన్‌లో మిస్సింగ్ ఫిర్యాదు పెట్టిద్దాం. ఆ కాగితం లేకనే తర్వాత పింఛనుకు, పట్టా మార్పిడికి ఆడవాళ్ళు ఆఫీసుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరుగుతున్నారు.

నాలుగోది. ఎదురుచూస్తున్న ఆమె ఇంటికి వెళ్ళండి. సలహా చెప్పకండి. ఆయన పేరు పలకండి. ఆయన ఎలా ఉండేవాడో అడగండి. చాలామంది ఆ పేరు ఆమె ముందు పలకడానికి భయపడతారు. ఆమెకు కావలసింది ఆ పేరు ఇంకొకరి నోట వినడమే. రిస్పా పక్కన ఆ బండ మీద ఎవరైనా కూర్చున్నట్టు బైబిల్లో లేదు. మన ఊళ్ళో మాత్రం ఎవరూ ఒంటరిగా కావలి కాయకూడదు.

ప్రార్థన చేద్దాం. తండ్రీ, మంచులో, సముద్రంలో, కొండ కడుపులో ఉన్న నీ బిడ్డల చోటు నీకు తెలుసు. ఇంటికి చేరినవాళ్ళ కోసం నీకు స్తోత్రం. చేరనివాళ్ళ కోసం ఎదురుచూస్తున్న తల్లులను, భార్యలను, పిల్లలను నీ చేతుల్లో పెడుతున్నాం. వాళ్ళను మరిచిపోయిన మా మనసులను క్షమించు. మా తాతలు ఇచ్చిన మాటను మోసే జనంగా మమ్మల్ని చెయ్యి. పునరుత్థానమూ జీవమూ అయిన యేసుక్రీస్తు నామములో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.